మింక్ దుప్పటి సరే, అసలు మింక్ సంగతేంటి?

మలక్‌పేట_మంజుల
అందరికీ నమస్తే. చలి మొదలైందని కోఠీ వెళ్లి ఫుట్‌పాత్ మీద ఒక డబుల్ బెడ్ దుప్పటి తీసుకున్నాను. జిప్ బ్యాగ్ మీద పులి బొమ్మ, దాని కింద ‘సూపర్ సాఫ్ట్ మింక్’ అని పెద్ద అక్షరాలు. అమ్మే అబ్బాయి కూడా “ఒరిజినల్ మింక్ అక్కా, గ్యారంటీ” అన్నాడు. ఇంటికొచ్చాక మా వాడు ఫోన్‌లో చూసి, మింక్ అంటే ఒక జంతువట, దాన్ని చంపి బొచ్చు తీస్తారట అని మా అత్తగారి చెవిన వేశాడు. అంతే, దుప్పటి వరండాలోకి పోయింది. ఆవిడ మడి, పూజ ఉన్న మనిషి. గడప దాటి లోపలికి తేవద్దంటున్నారు. ఇది నిజంగా జంతువు బొచ్చేనా? అసలా జంతువు ఎక్కడుంటుంది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇరానీ_చాయ్_హాఫ్
ఎంతకు తీసుకున్నవ్ అక్కా?

మలక్‌పేట_మంజుల
రెండు వేలన్నాడు. బేరమాడి పన్నెండు వందలకు తెచ్చాను.

ఇరానీ_చాయ్_హాఫ్
పన్నెండొందలకు డబుల్ బెడ్ సైజు అసలు మింక్ దొరికితే, బంజారాహిల్స్ కార్లన్నీ కోఠీలనే పార్కింగ్ చేసుంటుండె. పరేషాన్ కాకు. అత్తమ్మకు చెప్పు, గా దుప్పట్ల జంతువు లేదు, ఒక్క పులి బొమ్మ తప్ప.

మగ్గం_మనిషి
సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మాది దుప్పట్ల హోల్‌సేల్. మంజుల గారూ, మీరు కొన్నది నూటికి నూరు పాలు పాలిస్టర్. వెనకటికి ఈ మాల్ కొరియా, చైనాల నుంచి దిగేది. ఇప్పుడు మనకొచ్చేది ఎక్కువగా పానిపట్ సరుకు. రాషెల్ అనే అల్లిక మిషన్ మీద రెండు పొరలు ఎదురెదురుగా అల్లి, మధ్యలో పోగులను నిలువుగా పోస్తారు. తర్వాత ఆ మధ్య పోగుల్ని బ్లేడుతో కోస్తే రెండు బొచ్చు ముఖాల బట్ట వస్తుంది. దాని మీద అచ్చు వేసి, బ్రష్ పట్టించి, వేడి రోలర్ కింద మెరుపు తెస్తారు. ఆ మెత్తదనానికే బజార్లో ‘మింక్’ అని పేరు. మేం కొనేది కూడా కిలోల లెక్కనే. నాలుగు కిలోల పీస్, అయిదు కిలోల పీస్ అంటాం.

అత్తగారికి నమ్మకం కలగాలంటే దుప్పటి అంచు నుంచి నాలుగు పోగులు పీకి, దుప్పటికి దూరంగా, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. పాలిస్టర్ అయితే కరిగి, నల్లటి గట్టి పూసలా ముద్ద కడుతుంది. జంతువు వెంట్రుక అయితే జుట్టు కాలిన కంపు కొట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది.

మలక్‌పేట_మంజుల
చేసి చూశాం. పూస కట్టింది. అత్తగారు స్వయంగా గోరుతో గీకి చూసి ఒప్పుకున్నారు. చాలా థాంక్సండీ. కానీ ఇప్పుడు మా వాడు వదలట్లేదు. అసలు మింక్ అంటే ముంగిసా, పిల్లా, ఉడుతా అని ప్రాణం తీస్తున్నాడు.

డాక్టర్_రాజేంద్రనగర్
పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మింక్ ముంగిస కాదు. చూడ్డానికి సన్నగా, పొడుగ్గా, పొట్టికాళ్లతో అలాగే కనిపిస్తుంది గానీ కుటుంబం వేరు. మన నీటికుక్కలు, శీతల దేశాల వీజెల్, సేబుల్, బ్యాడ్జర్ ఇవన్నీ ఒక కుటుంబం. మింక్ అందులోది. ఇప్పుడు బతికున్నవి రెండు జాతులు. ఒకటి అమెరికన్ మింక్. కెనడా, అమెరికా దీని సొంత గడ్డ. రెండోది యూరోపియన్ మింక్. రెంటినీ గుర్తుపట్టడానికి మూతి చూడాలి. యూరప్ దానికి పై పెదవి, కింది పెదవి రెండూ తెల్లగా ఉంటాయి. అమెరికా దానికి సాధారణంగా కింద గడ్డం దగ్గరే తెల్ల మచ్చ. మూడోది ఒకటుండేది. అమెరికా ఈశాన్య తీరంలో సముద్రపు రాళ్ల మధ్య తిరిగే సీ మింక్. మిగతా రెంటికన్నా పెద్దది, కాబట్టి తోలూ పెద్దది. వేటగాళ్లు 19వ శతాబ్దం ముగిసేలోపే దాన్ని ఒక్కటి లేకుండా ఊడ్చేశారు.

అడవిలో మగ మింక్ కిలో, కిలోన్నర తూగుతుంది. ఆడది ఇంచుమించు అందులో సగం. ఏట్లో, చెరువు గట్టున, చిత్తడి నేలలో ఒంటరిగా బతుకుతుంది. కాలివేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది, ఈత బాగా వస్తుంది. చేప, కప్ప, ఎండ్రకాయ, పక్షి గుడ్లు, ఎలుక, తనంత బరువుండే మస్క్‌రాట్ అనే నీటి ఎలుక దాకా ఏదైనా తింటుంది. మెడ వెనక ఒక్క కాటు, అంతే. భయపడితే తోక కింది గ్రంథుల నుంచి వదిలే కంపు ఆ చుట్టుపక్కల నిలబడనివ్వదు.

ఇంకో విచిత్రం. మార్చి ప్రాంతంలో జత కడతాయి. కానీ పిండం వెంటనే గర్భసంచి గోడకు అంటుకోదు, కొన్నాళ్లు ఊరికే తేలుతూ ఆగుతుంది. పగలు పొడుగయ్యే కొద్దీ అంటుకుని పెరుగుతుంది. అందుకే చూలు కాలం 40 రోజులూ కావచ్చు, 70 దాటనూవచ్చు. పిల్లలు మాత్రం అన్నీ ఏప్రిల్ చివర, మే నెలలోనే పుడతాయి. పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే సగం క్లాసు తప్పేది.

కృష్ణలంక_టు_కూకట్‌పల్లి
డాక్టరు గారూ, అంటే మన దగ్గర దానికి చుట్టం నీటికుక్కేనన్నమాట. మా చిన్నప్పుడు కృష్ణ లంకల్లో వలలు కొరికేస్తున్నాయని జాలర్లు తిట్టుకునేవాళ్లు.

డాక్టర్_రాజేంద్రనగర్
అవునండీ. కృష్ణా ముఖద్వారం దగ్గర మడ అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. నీటికుక్క పూర్తిగా నీళ్ల మనిషి, మింక్ సగం నీళ్ల మనిషి. అడవిలో ఇద్దరూ ఒకేచోట ఉంటే మింక్ కొంచెం తగ్గి ఉంటుంది.

తోలు_తెలిసినవాడు
నేను చెన్నైలో లెదర్ టెక్నాలజీ చదివి, ఇక్కడ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చేశాను. డాక్టరు గారు జంతువు చెప్పారు, తోలు నేను చెప్తాను.

మింక్ ఒంటి మీద రెండు రకాల వెంట్రుకలుంటాయి. పైన కనిపించేవి కాస్త పొడుగు, నూనె పట్టిన నిగనిగ, నీళ్లు జారిపోతాయి. వాటిని పక్కకు తోస్తే కింద పొట్టిగా, దట్టంగా, బూడిద గోధుమ రంగులో ఇంకో పొర. గాలిని పట్టి ఉంచేది అదే. నీళ్లలో మునిగినా చర్మం తడవకుండా కాపాడేది ఆ గాలి. మిగతా చాలా జంతువుల్లో పై వెంట్రుక బాగా పొడుగ్గా, గరుకుగా ఉండి కింది పొరను కప్పేస్తుంది. మింక్‌లో రెంటికీ తేడా తక్కువ. అందుకే చెయ్యి ఏ వైపు పోనిచ్చినా గుచ్చుకోదు. ఊదితే బొచ్చు గుండ్రంగా విచ్చుకుని వెంటనే మూసుకుంటుంది. కొనేవాళ్లు మొదట చేసే పరీక్ష అదే, నోటితో ఊదడం. పైగా కుందేలు బొచ్చులా రాలదు, ఏళ్ల తరబడి తొడిగినా నిలబడుతుంది. ఖరీదుకు కారణం అందం ఒక్కటే అనుకోవద్దు, మన్నిక కూడా.

కోటు ఎలా కుడతారో చెబితే ఆశ్చర్యపోతారు. తోలు మురికివాడ పొడుగు కూడా ఉండదు, కోటేమో మడమల దాకా దిగాలి. అడ్డంగా అతికితే కుట్లు కనపడతాయి. అందుకని ఒక్కో తోలును ఏటవాలుగా అయిదారు మిల్లీమీటర్ల సన్న పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని కొంచెం కిందికి జరిపి మళ్లీ కుడతారు. అలా అన్నీ కుట్టాక తోలు వెడల్పు తగ్గి, పొడుగు రెండింతలు మూడింతలవుతుంది. తర్వాత తడిపి చెక్క మీద మేకులు కొట్టి ఆరబెడతారు. బొచ్చు వైపు చూస్తే భుజం నుంచి అంచు దాకా ఒక్క చార, కుట్టు జాడ ఉండదు. నిండు కోటుకు 40 నుంచి 60 ఆడ మింక్‌ల తోళ్లు పడతాయి. ఆడదాని తోలు చిన్నది, కానీ తేలిక, మెత్తన, అందుకే దానికే గిరాకీ.

ఇరానీ_చాయ్_హాఫ్
అన్నా, జెర ఆగు. ‘తోలు మురికివాడ పొడుగు’ ఏంది?

తోలు_తెలిసినవాడు
ఫోన్ కీబోర్డు మహిమ తమ్ముడూ. ‘తోలు రెండు మూరల పొడుగు కూడా ఉండదు’ అని చదువుకో. ఆడదాని తోలు సంగతి అది, మగదానిది ఇంకాస్త పెద్దది.

గచ్చిబౌలి_గణపతి
రేటు ఎలా కడతారు? ఇదేమైనా బంగారంలా రోజు రేటా?

తోలు_తెలిసినవాడు
వేలం. శీతాకాలం మొదలయ్యే నవంబరు, డిసెంబరులో బొచ్చు నిండుగా దిగుతుంది, అప్పుడే తోలు తీస్తారు. చలి కన్నా పగటి పొడుగు తగ్గడమే మింక్ ఒంటికి సంకేతం. కొన్ని ఫారాల్లో మెలటోనిన్ అనే హార్మోను గుళికను చర్మం కింద పెట్టి ముందే బొచ్చు దిగేలా చేస్తారు. తర్వాత సైజు, రంగు, దట్టం, మచ్చలు చూసి కట్టలు కట్టి కోపెన్‌హాగెన్, హెల్సింకీ లాంటి చోట్ల వేలానికి పెట్టేవాళ్లు. సహజమైన రంగు ముదురు గోధుమ. ఫారాల్లో పుట్టిన మార్పుల నుంచి తెలుపు, ముత్యం, నీలి బూడిద ఇలా బోలెడు రంగులు తీశారు. 2013 ప్రాంతంలో చైనా కొనుగోళ్లతో ధర శిఖరానికెక్కింది. అది చూసి అందరూ ఫారాలు పెంచారు. సరుకు కుప్పపడింది, ధర కూలింది. టొరంటోలోని వేలం సంస్థ నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ 2019లో దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత కరోనా వచ్చి మిగతా పని పూర్తి చేసింది.

జట్లాండ్_జ్ఞాపకాలు
ఆ ‘మిగతా పని’ నేను దగ్గర్నుంచి చూశాను. మాది అల్వాల్. 2020లో కంపెనీ పని మీద డెన్మార్క్‌లో ఉన్నాను. మా ఇంటి ఓనర్ తమ్ముడికి మింక్ ఫారం ఉండేది, కరోనాకు ముందు ఒకసారి తీసుకెళ్లాడు. పొలం మధ్య పొడుగాటి రేకుల కప్పులు, పక్కలు తెరిచి, వరసలు వరసలు. లోపల నడిచే దారికి రెండు వైపులా ఇనుప తీగ పంజరాలు. మేత అంటే చేప తలకాయలు, కబేళా వ్యర్థం రుబ్బిన బూడిద రంగు ముద్ద. ఒక చిన్న బండి మీద వెళ్తూ గొట్టంతో పంజరం పైకప్పు తీగ మీద టప్ టప్ మని వేసుకుంటూ పోతాడు. అవి కింద నుంచి నాకుతాయి. ఆయన చేతికి మోచేతి దాకా మందపాటి గ్లౌజులు. వాసన మూడు ఉతుకుల దాకా జాకెట్‌ను వదల్లేదు.

2020 జూన్‌లో అక్కడి ఫారాల్లో కరోనా మొదలైంది. మనుషుల నుంచి మింక్‌లకు, మింక్‌ల నుంచి తిరిగి మనుషులకు. నెదర్లాండ్స్‌లో ఏప్రిల్‌లోనే బయటపడింది. నవంబర్ 4న ప్రధాని మెటె ఫ్రెడరిక్సెన్ టీవీలోకి వచ్చి దేశంలోని మింక్‌లన్నింటినీ చంపాలని చెప్పారు. ‘క్లస్టర్ 5’ అనే మార్పు చెందిన వైరస్ వల్ల టీకాలు పనిచేయకపోవచ్చని భయం. దాదాపు కోటీ 70 లక్షల జంతువులు. ఉత్తర జట్లాండ్‌లో ఏడు మున్సిపాలిటీలను మూసేశారు, బస్సులు రైళ్లు బంద్. రోజుల్లోనే తేలిందేమిటంటే, జబ్బు లేని ఫారాల్లో కూడా చంపమనడానికి ప్రభుత్వానికి చట్టమే లేదు. వ్యవసాయ మంత్రి మోగెన్స్ యెన్సెన్ రాజీనామా చేశాడు.

తర్వాత ఇంకో ఘోరం. హోల్‌స్టెబ్రో దగ్గర, కారుప్ దగ్గర సైన్యం స్థలాల్లో గోతులు తవ్వి పూడ్చారు. ఇసుక నేల, లోతు చాలలేదు. లోపల గ్యాస్ పుట్టి కళేబరాలు మట్టిని తోసుకుని పైకి లేచాయి. ఆఫీసులో ‘జాంబీ మింక్’ జోకులు పేలాయి గానీ, ఆ చుట్టుపక్కల తాగునీటి మీద జనం నిజంగానే హడలిపోయారు. 2021లో మళ్లీ తవ్వి తీసి కాల్చారు. రైతులకు పరిహారం ఇంచుమించు 1900 కోట్ల క్రోనర్లు. విచారణ కమిషన్ రిపోర్టు తర్వాత మద్దతిస్తున్న పార్టీ పట్టుబట్టడంతో 2022 నవంబర్‌లో ఎన్నికలే ముందుకొచ్చాయి. 2023 నుంచి పెంపకానికి మళ్లీ అనుమతి ఉన్నా తిరిగి మొదలుపెట్టినవాళ్లు బహు కొద్దిమంది. ఓనర్ తమ్ముడు మొదలుపెట్టలేదు.

ఇరానీ_చాయ్_హాఫ్
జంతువుకు కరోనా అంటే మన జూ సింహాలు యాదికొచ్చినయ్.

డాక్టర్_రాజేంద్రనగర్
బాగా గుర్తు చేశారు. 2021 మే మొదట్లో నెహ్రూ జూ పార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా అని మన ఊళ్లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ తేల్చింది. మన అత్తాపూర్‌లోనే ఉన్న వాళ్ల వన్యప్రాణి ల్యాబు లాకోన్స్‌లో నమూనాలు పరీక్షించారు. అవి దగ్గి, ముక్కు కారి, కోలుకున్నాయి. తేడా ఎక్కడంటే, జూలో జబ్బు ఆ ఎనిమిది సింహాల దగ్గరే ఆగిపోతుంది. ఫారంలో వేల మింక్‌లు ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర. ఒకదాని నుంచి ఇంకోదానికి దాటినప్పుడల్లా వైరస్‌కు మారే అవకాశం దొరుకుతుంది. పైగా ఒంటరిగా బతికే జంతువు, ఊపిరితిత్తుల జబ్బులకు లొంగే ఒళ్లు. 2022 అక్టోబర్‌లో స్పెయిన్ గలీసియాలో ఒక మింక్ ఫారంలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ పడింది. 50 వేలకు పైగా చంపాల్సి వచ్చింది. పక్షి నుంచి వచ్చిన ఫ్లూ మింక్ నుంచి మింక్‌కు పాకిందేమోనన్న అనుమానమే శాస్త్రవేత్తలకు నిద్ర లేకుండా చేసింది.

గచ్చిబౌలి_గణపతి
అన్నీ సరే. కాలికి తోలు చెప్పులు వేసుకుని, ఆదివారం మటన్ బిర్యానీ లాగించి మింక్ మీద జాలి చూపిస్తే ఎలా? అదీ ఒక జంతువే, ఇదీ ఒక జంతువే. పైగా అసలు ఫర్ మట్టిలో కలుస్తుంది. మీ పాలిస్టర్ దుప్పటి ఎన్ని తరాలకు కలుస్తుంది?

మగ్గం_మనిషి
పాలిస్టర్ మాట నిజమే సార్, వాదించను. ఉతికినప్పుడల్లా పోగులు నాలాలోకి పోతాయి. కానీ పన్నెండు వందలకు పేదవాడి ఇంట్లో చలి ఆపేది కూడా అదే.

సైదాబాద్_సుజాత
గణపతి గారూ, మేక మాంసం తిన్నాక తోలు మిగులుతుంది. మింక్‌ను తోలు కోసమే పుట్టించి, తోలు కోసమే చంపుతారు. మాంసం ఎవరూ తినరు. రెంటినీ ఒకే కాటాలో తూచకండి.

గచ్చిబౌలి_గణపతి
మిగిలింది మేతలోకో, కొవ్వు నూనెలోకో పోతుంది మేడమ్. తోలు బూట్లకు రాసే మింక్ ఆయిల్ ఎక్కడిదనుకున్నారు?

అడ్మిన్_అన్న
బిర్యానీ, చెప్పుల చర్చకు వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ మింక్ గురించే.

డాక్టర్_రాజేంద్రనగర్
అడ్మిన్ గారి మాట మన్నిస్తూనే ఒక్కటి. నాకు ఇబ్బంది చంపడం దగ్గర కన్నా బతికించే తీరు దగ్గర. మేక వేల ఏళ్లుగా మనిషితో ఉంది, మంద జంతువు. మింక్‌ను ఫారాల్లో పెట్టి పట్టుమని రెండు వందల ఏళ్లు కాలేదు. అమెరికాలో 1860ల్లో మొదలైన పని. ఒంటరి వేటజంతువు, నీళ్ల జంతువు. దాన్ని రెండు చేతుల మధ్య పట్టే పంజరంలో పెట్టి, తాగడానికి నిపుల్ తప్ప నీళ్లు చూపించరు.

జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జార్జియా మేసన్, ఆమె తోటివాళ్లు 2001లో నేచర్ పత్రికలో ఒక ప్రయోగం వేశారు. ఫారం మింక్‌లకే పంజరం నుంచి రకరకాల చోట్లకు దారులు ఇచ్చారు. ఒక దారిలో నీళ్ల తొట్టి, ఒక దారిలో ఇంకో గూడు, ఒక దారిలో ఆడుకునే వస్తువులు, ఇలా. ప్రతి తలుపుకూ బరువు పెంచుకుంటూ పోయారు. అన్నింటికన్నా ఎక్కువ బరువు తోసింది నీళ్ల తొట్టి కోసం. తర్వాత ఒక రోజంతా తొట్టి దారి మూసేస్తే, మూత్రంలో ఒత్తిడి హార్మోను తిండి ఆపినప్పుడు పెరిగినంతగా పెరిగింది. తోలు_తెలిసినవాడు గారు చెప్పిన ఆ రెండు పొరల బొచ్చు నీళ్ల కోసం పుట్టింది. మనం కొనేది నీళ్ల వల్ల వచ్చిన గుణాన్ని, పెంచేది నీళ్లు లేకుండా. ఇది నాకు మింగుడు పడదు.

కృష్ణలంక_టు_కూకట్‌పల్లి
మరి పంజరాలు తెరిచి వదిలేస్తే పోదా?

డాక్టర్_రాజేంద్రనగర్
అదీ చేశారు, కొంప మునిగింది. 1998 ఆగస్టులో ఇంగ్లండ్ హాంప్‌షైర్‌లో ఉద్యమకారులు ఒక ఫారం తలుపులు తెరిచి వేల మింక్‌లను వదిలేశారు. అంతకు ముందే ఫారాల నుంచి తప్పించుకున్నవి బ్రిటన్ ఏటిగట్ల మీద స్థిరపడి ఉన్నాయి. అక్కడ వాటర్ వోల్ అనే చిన్న నీటి ఎలుక ఉంది. శత్రువు వస్తే గట్టులోని బొరియలోకి దూరి బతికేది. ఆడ మింక్ ఆ బొరియలో సరిగ్గా పడుతుంది. ఇక దాక్కునే చోటేదీ? వోల్ చాలా ఏళ్ల పాటు కనిపించని వాగులున్నాయి. యూరోపియన్ మింక్ గతి ఇంకా అన్యాయం. చిత్తడి నేలలు పోవడం, వేట ఒకెత్తు, అమెరికా నుంచి తెచ్చిన మింక్ వచ్చి దాని చోటు లాక్కోవడం ఒకెత్తు. సోవియట్ వాళ్లయితే బొచ్చు వేట కోసమని 1930ల నుంచి కావాలనే అమెరికా మింక్‌లను అడవుల్లో వదిలారు. ఇవాళ యూరోపియన్ మింక్ అంతరించే అంచున ఉన్న జంతువుల జాబితాలో ఉంది. నైరుతి ఫ్రాన్స్, ఉత్తర స్పెయిన్, డాన్యూబ్ డెల్టా లాంటి కొన్ని మూలల్లో మిగిలింది.

దిల్‌సుఖ్‌నగర్_బ్యూటీ_అక్క
నాకో డౌట్. బ్రైడల్ మేకప్ చేస్తుంటా. బేగంబజార్‌లో డబ్బాల మీద ‘3డి మింక్ లాషెస్’ అని వస్తాయి. ఆన్‌లైన్ వాళ్లయితే “చంపలేదు, దువ్వితే రాలిన వెంట్రుకలతో చేశాం” అని రాస్తారు. పెళ్లికూతుళ్లు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

డాక్టర్_రాజేంద్రనగర్
మింక్‌ను కూర్చోబెట్టి దువ్వెన పెట్టేవాడి వేలు ఉంటుందా అమ్మా? జట్లాండ్ అబ్బాయి చెప్పిన గ్లౌజులు గుర్తు తెచ్చుకోండి. ఎక్కడైనా దువ్వినా, ఆ జంతువు ఉన్నది ఫారంలోనే, చివరికి పోయేదీ తోలుకే.

తోలు_తెలిసినవాడు
బేగంబజార్ రేట్లలో వచ్చేవి దాదాపు అన్నీ సింథటిక్ పోగులే, ‘మింక్’ అన్నది మెత్తదనానికి పెట్టిన పేరు. గుర్తుపట్టడం తేలిక. ఒక్క పోగును వెలుతురులో పెట్టి చూడండి. అసలు వెంట్రుక కొస సహజంగా సన్నబడి ఉంటుంది, మెరుపు తక్కువ. సింథటిక్‌లో మెరుపు ఎక్కువ. తడిపితే అసలుది వంపు కోల్పోతుంది, సింథటిక్ నిలబెట్టుకుంటుంది. హోమం పొగ, కన్నీళ్లు, అప్పగింతలు ఉన్న పెళ్లికి మీకు పనికొచ్చేది సింథటిక్కే.

దిల్‌సుఖ్‌నగర్_బ్యూటీ_అక్క
అప్పగింతల మాట నిజమే అన్నా 😂 ఇకనుంచి మింక్ అడిగితే ఇదే చెప్తా.

సోమాజిగూడ_శారద
ఈ దారం చదివాక మా బీరువా గుర్తొచ్చింది. మా పెద్ద మేనత్త 1960ల్లో లండన్‌లో ఉండి వచ్చారు. భుజాల మీద కప్పుకునే మింక్ స్టోల్ ఒకటి తెచ్చుకున్నారు. ఆవిడ పోయాక మా అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి కలరా ఉండలు వేసి పెట్టింది. ఇప్పుడు తీసి చూస్తే ముదురు గోధుమ రంగు కాస్తా ఎర్రబారింది, సాటిన్ లైనింగ్ చంక దగ్గర చిరిగింది. ఇది దగ్గర ఉంచుకోవడం నేరమా? ఏం చెయ్యాలి దీన్ని?

గచ్చిబౌలి_గణపతి
మేడమ్, 2017 జనవరిలో మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని నిషేధించింది. మీది అరవై ఏళ్ల కింద వచ్చిన సొంత వస్తువు. దిగుమతి నిబంధన వేరు, ఇంట్లో ఉన్న పాత స్టోల్ వేరు. అయినా అమ్మాలన్నా, విదేశం తీసుకెళ్లాలన్నా ముందు ఒక లాయరును అడగండి. టిబెట్‌లో తిరిగే ‘చిరు’ అనే జింక బొచ్చుతో నేసే షాతూష్ శాలువా అయితే మాత్రం కథ వేరు, వన్యప్రాణి చట్టం కింద నేరుగా కేసే.

తోలు_తెలిసినవాడు
శారద గారూ, ముందు ఆ ప్లాస్టిక్ తీసేయండి. తోలుకు గాలి ఆడాలి. కలరా ఉండల వాసన బొచ్చు పట్టేస్తే వదలదు, అవీ తీసేయండి. ఎర్రబారడం వయసు, వెలుతురు వల్ల. దానికి మందు లేదు. లైనింగ్ చిరిగిన చోటు నుంచి రెండు వేళ్లు లోపలికి పెట్టి తోలును మెల్లగా మడవండి. మెత్తగా వంగితే బతికున్నట్టు. అప్పడంలా చిటపటమంటే లోపల ఎండిపోయిందన్నమాట. అలాంటి తోలుకు కుట్టు నిలబడదు, సూది పడ్డ ప్రతిచోటా కొత్త చిరుగు.

సోమాజిగూడ_శారద
మెడ దగ్గర మెత్తగానే ఉంది. అంచుల్లో మాత్రం చిన్న చప్పుడు వస్తోంది. ఇంకో సంగతి. లైనింగ్ కొంచెం ఎత్తి టార్చ్ వేసి చూశాను. మీరు చెప్పినట్టే గోరంత వెడల్పు పట్టీలు, ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి. ప్రతి పట్టీకీ సన్నటి కుట్టు. పై నుంచి చూస్తే ఒక్క గీత కనపడదు. ఇన్నేళ్లూ అదంతా ఒకే తోలు అనుకున్నాను.

తోలు_తెలిసినవాడు
అయితే చేయి తిరిగినవాడు కుట్టినది. ఆ పనికి అప్పట్లో ప్రత్యేకమైన మిషన్, ఏళ్ల శిక్షణ కావాలి. ఫారాలకు నేనూ వ్యతిరేకినే, కానీ ఆ పనితనం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

సైదాబాద్_సుజాత
దండం దానికా, దాని లోపల ఉన్న ప్రాణాలకా?

తోలు_తెలిసినవాడు
రెండింటికీ అనుకోండి అక్కా. గొడవ వద్దు.

డాక్టర్_రాజేంద్రనగర్
శారద గారూ, మీకు వద్దనుకుంటే ఏదైనా కాలేజీ జువాలజీ విభాగానికి ఇవ్వండి. మన పిల్లలు రెండు పొరల బొచ్చు గురించి బొమ్మల్లో చదవడమే తప్ప వేలితో తాకింది లేదు.

సోమాజిగూడ_శారద
ఇచ్చే ఆలోచన నచ్చింది సార్. అమ్మను అడగాలి. ఈలోగా పాడవకుండా ఎలా ఉంచాలి? దగ్గర్లో డ్రైక్లీనింగ్‌కు ఇవ్వనా?

తోలు_తెలిసినవాడు
మామూలు డ్రైక్లీనింగ్‌కు ఇవ్వనే ఇవ్వొద్దు. ఆ ద్రావకం తోలులో మిగిలిన నూనెను లాగేస్తుంది. ఫర్ పనివాళ్లు ద్రావకం కొద్దిగా చల్లిన రంపపు పొట్టులో డ్రమ్ములో తిప్పి శుభ్రం చేస్తారు, అది మన ఊళ్లో దొరికే పని కాదు. దులిపి, నీడలో గంటసేపు గాలికి వేయండి, చాలు. ఇస్త్రీ, హెయిర్ డ్రయర్, ఎండ, మూడూ నిషేధం. భుజాలు వెడల్పున్న హ్యాంగర్‌కు వేసి, పాత కాటన్ దుప్పటితో వదులుగా కవర్ కుట్టి, ఏసీ ఉన్న గదిలో గోడకు ఆనని బీరువాలో పెట్టండి. వానాకాలంలో నెలకోసారి తీసి పురుగు చూసుకోండి. లైనింగ్ మార్చాలంటే టైలర్‌కు ఒకటే చెప్పండి, పాత లైనింగ్ అంచున ఉన్న బట్ట పట్టీకే కొత్తది చేత్తో కుట్టాలి, తోలులోకి సూది దిగకూడదు.

సోమాజిగూడ_శారద
అమీర్‌పేటలో మాకు తెలిసిన టైలర్ ఉన్నారు, పట్టు బ్లౌజులకు చేతికుట్టు బాగా వేస్తారు. ఆయన్ని ఇంటికే పిలిపించి నా ముందే కుట్టిస్తాను. అంచుల్లో చప్పుడొచ్చిన చోట మాత్రం ముట్టుకోనివ్వను.